పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మార్చాలా, వద్దా?

మీరు చెప్పిన మెషీన్ 2014లో కొన్న ల్యాప్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక నాలుగైదు నిమిషాలు గడిస్తే గాని మౌస్ మాట వినడం లేదు, టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా కనిపిస్తోంది. షాపులో 1 టీబీ కొత్త హార్డ్ డిస్క్ వేయించుకోమన్నారు, ఇంత పాతదానికి ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, మెమరీ చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్) దండగ అన్నారు. అమ్మాయి చదువుకీ, ఇంట్లో జీఎస్‌టీ పనికీ ఇంకో రెండేళ్లు నడిస్తే చాలన్నది మీ కోరిక.

షాపతను చెప్పింది తలకిందుల సలహా. ఈ మెషీన్‌కి డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉంటే అది ఎస్‌ఎస్‌డీయే. 1 టీబీ హార్డ్ డిస్క్ వేస్తే చోటు పెరుగుతుంది, నాలుగైదు నిమిషాలు మాత్రం మూడున్నర అవుతాయేమో. కారణం చిన్న లెక్కలో ఉంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టార్ (డేటా ఉండే చిన్న ముక్క) హెడ్ (చదివే సూది) కిందికి రావడానికి సగటున అందులో సగం, 5.6 మిల్లీసెకన్లు. హెడ్ ఆ ట్రాక్ (సెక్టార్లు ఉండే గుండ్రటి వరస) దాకా జరగడానికి ఇంకో 12. మొత్తం 17, 18 మిల్లీసెకన్లకి ఒక్క ముక్క చదువుతుంది. సెకనుకు అరవై ముక్కలు కూడా కాదు. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి చాలావరకు 4 కేబీ చిన్న చిన్న ముక్కలే, అవి డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ చూపించే డిస్క్, బూట్ అయ్యేటప్పుడు ఒక ఎంబీ కూడా దాటక చతికిలబడుతుంది. కొత్త 1 టీబీ డిస్క్ కూడా అదే 5,400తో తిరుగుతుంది. పైగా ఇప్పుడొచ్చే రెండున్నర అంగుళాల పెద్ద డిస్క్‌లలో చాలావాటికి ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే పద్ధతి ఉంటుంది. చిన్న రాతలు ఎక్కువైతే అవి పాతదానికంటే నెమ్మదిస్తాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, ఒక్కో ముక్క 0.1 మిల్లీసెకనులో వస్తుంది.

అయినా ఈరోజే కొనేయకండి. డిస్క్ 100 శాతం చూపించినంత మాత్రాన తప్పు డిస్క్‌దే కాకపోవచ్చు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మూడు చోట్ల చూడాలి. మెమరీ దగ్గర 'కమిటెడ్' అంకె చూడండి. బ్రౌజర్, వర్డ్ తెరిచి ఉన్నప్పుడు అది 4 జీబీని బాగా దాటి 6, 7 దగ్గర ఉంటే ర్యామ్ చాలడం లేదు, మిగిలిన భారాన్ని విండోస్ డిస్క్ మీదికి తోస్తోందన్నమాట. అలాంటప్పుడు ఒక్క ఎస్‌ఎస్‌డీతో సగం పనే అవుతుంది, ర్యామ్ కూడా పెంచాలి. తర్వాత సీపీయూ దగ్గర 'స్పీడ్'. పని ఒత్తిడిలో కూడా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుపోతే లోపల ఫ్యాన్ దుమ్ముతో మూసుకుపోయి వేడెక్కుతోంది, లేదంటే చార్జర్ సరిపడా కరెంటు ఇవ్వడం లేదు. దానికి ఏ డిస్క్ వేసినా ప్రయోజనం లేదు. ముందు ఫ్యాన్ శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ మార్పించండి. మూడోది డిస్క్ దగ్గర 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్'. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్ పనిలో ఉన్నప్పుడు పదులలో ఉంటుంది. వందలు, వేల మిల్లీసెకన్లు చూపిస్తూ, చదివే వేగం మాత్రం సున్నాకి దగ్గరగా ఉంటే డిస్క్ చావుబతుకుల్లో ఉందని అనుమానించాలి.

ఆ అనుమానం తీర్చేది క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పైన కనిపించే 'గుడ్', 'కాషన్' మాటల్ని మాత్రమే చూసి వదిలేయకండి, కింది పట్టికలో వరసలు చదవండి. అంకెలు మామూలుగా పదహారు ఆధారంగా ఉంటాయి. అంటే 10 అని కనిపిస్తే అది 16. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌కి వెళ్లి పది ఆధారానికి మార్చుకుంటే గందరగోళం ఉండదు. 05వ వరస, పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క. అక్కడ అయిదో పదో ఉండి నెలల తరబడి కదలకపోతే కంగారు లేదు. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకండి. సీ5 అంతకంటే ముఖ్యం. డిస్క్ చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పెండింగ్‌లో ఉంచిన సెక్టార్లు అవి. అలాంటి ఒక్క సెక్టార్ విండోస్ ఫైల్‌లో పడిందంటే చాలు, డిస్క్ దాన్నే మళ్లీ మళ్లీ చదవబోతూ ఉంటుంది, అంతసేపూ మొత్తం మెషీన్ బిగుసుకుపోతుంది. వైరస్ అని చాలామంది అనుకునే జబ్బు ఇదే. ఫుల్ ఫార్మాట్ చేస్తే సీ5 సున్నా అయిపోవడం మామూలే, దాన్ని చూసి డిస్క్ బాగుపడిందని నమ్మొద్దు. సీ7, డేటా వచ్చే దారిలో దొర్లిన తప్పుల లెక్క. అది మామూలుగా డిస్క్ తప్పు కాదు, కేబుల్‌ది లేదా కనెక్టర్‌ది. ఇంకో మాట, సీగేట్ డిస్క్‌లలో 01, 07 వరసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. వాటి లెక్క కట్టే పద్ధతే అంత, భయపడనక్కర్లేదు.

సీ5 సున్నా కాకపోతే మార్చాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఆ రాత్రే ఫొటోలు, డాక్యుమెంట్లు బయటికి కాపీ చేయండి. చెక్ డిస్క్ నడిపి బాగు చేద్దామని కూర్చోకండి. గంటల తరబడి ఉపరితలమంతా గాలించే ఆ పనిలోనే కొన ఊపిరితో ఉన్న డిస్క్ పూర్తిగా పోతుంది. టిక్ టిక్ శబ్దం వస్తుంటే కాపీ కూడా ప్రయత్నించకుండా కరెంటు తీసేయాలి. డేటా నిజంగా విలువైనదైతే రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఇక మెషీన్ మీద డబ్బు పెట్టొచ్చా అన్నది. నాలుగో తరం ఐ3కి విండోస్ 11 అధికారికంగా రాదు. మైక్రోసాఫ్ట్ జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లల్లో వాడేవాళ్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. నిబంధనలు దాటవేసి విండోస్ 11 ఎక్కించే దారులు యూట్యూబ్ నిండా ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కాకపోతే అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. జీఎస్‌టీ, బ్యాంకు లాగిన్‌లు చేసే మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దనే నా మాట. చదువుకి, బ్రౌజర్‌కి, వీడియో క్లాసులకి అయితే విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 4 జీబీలో కూడా హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు. అయితే ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ లాంటివి ఉంటే విండోస్ తప్పదు.

ఇందులో నేను పెట్టుకునే హద్దు ఇది. ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే ర్యామ్, రెండూ కలిపి ఆ ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగం దాటకూడదు. బ్యాటరీ పోయి, హింజ్ విరిగి, కీబోర్డ్‌లో అక్షరాలు పడక, వీటన్నిటికీ తోడు డిస్క్ కూడా మార్చాలంటే ఆపేయండి. ఒక్క డిస్కే జబ్బు అయితే ముందుకెళ్లండి. ఎస్‌ఎస్‌డీ రేపు ఈ మెషీన్ పోయినా వృథా కాదు, బయటి బాక్స్‌లో పెట్టి వాడుకోవచ్చు. పాత డీడీఆర్3 ర్యామ్‌కి ఆ సుఖం లేదు, కొత్త మెషీన్లలో అది పట్టదు. ర్యామ్ కొంటే మాత్రం స్టిక్కర్ మీద 'పీసీ3ఎల్' అని ఉందో లేదో చూడండి. ఎల్ ఉంటే 1.35 వోల్టులది, లేకపోతే 1.5 వోల్టులది. మీ తరం ల్యాప్‌టాప్‌లకి 1.35 వోల్టులదే కావాలి, రెండోది పెడితే స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. ఖాళీ స్లాట్ ఉందో లేదో టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్' చెబుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లోని సాటా పోర్ట్ (డిస్క్ తగిలించే చోటు) సెకనుకు 6 గిగాబిట్ల రకం, ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం, అంటే 500 ఎంబీ పైన, ఇస్తుంది. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి ఇక్కడ కాస్త తేడా. మన దగ్గర ఇంటింటా కనిపించే హెచ్61 మదర్‌బోర్డుల్లో చిప్‌సెట్ ఇచ్చే పోర్ట్‌లన్నీ 3 గిగాబిట్లవే, ఎస్‌ఎస్‌డీ 270 ఎంబీ దగ్గర ఆగుతుంది. దానికోసం వెనక్కి తగ్గకండి. పైన చెప్పిన చిన్న ముక్కల పనిలో ఆ సగం వేగం కూడా నిండదు, కంటికి తేడా తెలియదు. ఇంకా పాతవైన జీ31, జీ41 బోర్డులతో ఉన్న కోర్ 2 డ్యుయో మెషీన్లకి కొత్త ఎస్‌ఎస్‌డీ కొనొద్దు, ఇంట్లో ఖాళీగా ఉన్నదేదైనా పెట్టి చూడండి. ఇక సాటాకి ముందు కాలం నాటి వెడల్పాటి 40 పిన్నుల ఐడీఈ కేబుల్ కనిపిస్తే మూత మళ్లీ బిగించేయండి.

కొనేటప్పుడు అడగాల్సింది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం. చూయింగ్ గమ్ బిళ్లలా సన్నగా ఉండే ఎం.2 రకం మీ మెషీన్‌లో పట్టకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎం.2 స్లాట్ ఉన్న 2015, 16 నాటి మోడళ్లలో కూడా కొన్ని సాటా రకాన్నే ఒప్పుకుంటాయి, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం పెడితే కనిపించదు. సైజు విషయంలో, ఇప్పటి డిస్క్‌లో ఎంత నిండిందో చూసి దానికి మూడో వంతు కలపండి. 240 జీబీ కొంటే విండోస్‌లో 223గా కనిపిస్తుంది, 500 అయితే 465. ఇది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 500 తీసుకోండి. నిండా నింపిన ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తుంది, 15 శాతమైనా ఖాళీ ఉంచాలి. మెమరీ చిప్‌ల ధరలు ఇప్పుడు నిలకడగా లేవు, నిన్నటి వీడియోలో చెప్పిన ధర నమ్ముకుని వెళ్లకుండా ఆరోజే రెండు చోట్ల కనుక్కోండి.

ఎన్నాళ్లు మన్నుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. క్రూషల్ ఎంఎక్స్500 అనే 500 జీబీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన రాత పరిమితి, అంటే మొత్తం మీద దానిలో రాయగల డేటా, 180 టీబీ. రోజుకి 20 జీబీ చొప్పున రాసినా ఏడాదికి 7.3 టీబీ, అంటే ఆ పరిమితి చేరడానికి 24 ఏళ్లు. మీ ల్యాప్‌టాప్ అంతకాలం ఉండదు. లోపల తాత్కాలిక మెమరీగా పనిచేసే డీరామ్ చిప్ లేని చవక మోడళ్లు కూడా మీ పనికి సరిపోతాయి. వాటి లోపం ఏమిటంటే, 50 జీబీ ఫైళ్లు ఒక్కసారిగా కాపీ చేస్తే మొదట్లో 400 ఎంబీతో పరిగెత్తి, మధ్యలో 60, 70కి పడిపోతాయి. రోజూ అలాంటి పని ఎవరికి ఉంటుంది? పేరూ ఊరూ లేని బ్రాండ్‌లు మాత్రం వద్దు. వెయ్యి, పదిహేను వందలకి 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అని ఆన్‌లైన్‌లో కనిపించేవి, లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్దదిగా నటించేవి. నింపాక పాత ఫైళ్ల మీదే రాసేస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా, మీ ఊళ్లో కొన్నా సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. ఆ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ మిగిలి ఉందో లేదో తెలుస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో 'పవర్ ఆన్ అవర్స్' ఒకటో రెండో ఉండాలి. వేలల్లో ఉంటే అది ఎక్కడో వాడి తీసినది.

పాత డిస్క్‌లోది యథాతథంగా కొత్తదానికి ఎక్కించాలా (దీన్నే క్లోన్ అంటారు), లేక విండోస్ మళ్లీ వేయాలా? పదేళ్ల చెత్త పేరుకున్న విండోస్‌ని మోసుకెళ్లడం నాకు ఇష్టం ఉండదు, కొత్తగా వేయడమే మేలు. ట్యాలీ, ప్రింటర్ సెట్టింగ్‌లు, టోకెన్ డ్రైవర్లు ఒక పట్టాన కుదరనివి ఉంటే క్లోన్ చేయండి. ఎలా చేసినా ట్యాలీ లైసెన్స్‌ని పాత డిస్క్ ఉన్నప్పుడే సరెండర్ చేసి, కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేసుకోండి. క్లోనింగ్‌కి ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడటం తేలిక, అవి 500 జీబీ డిస్క్‌ని 240లోకి కూడా సర్దుతాయి, నిండినది అంతకంటే తక్కువ ఉంటే. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలుగా పెద్దదాన్ని చిన్నదానిలోకి తీసుకోదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందు ఆపాలి, లేదంటే బూట్ దగ్గర రికవరీ కీ అడుగుతూ కూర్చుంటుంది. సీ5 సున్నా కాని డిస్క్‌ని క్లోన్ చేయబోతే మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోవచ్చు. దానికి డేటా వరకు కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేసుకోవడమే దారి.

కొత్తగా వేయడానికి 8 జీబీ పెన్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్‌కి కాదు. కీ అడిగితే 'నా దగ్గర లేదు' నొక్కి, ఇంతకుముందు ఉన్న ఎడిషన్‌నే ఎంచుకుంటే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

విప్పేటప్పుడు చార్జర్ తీసి, బ్యాటరీ బయటిదైతే ఊడదీసి, లోపలిదైతే మూత తెరవగానే దాని కనెక్టర్ ముందు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. విప్పిన స్క్రూలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పొడుగువీ పొట్టివీ ఏ రంధ్రానివి ఆ రంధ్రం దగ్గర కాగితం మీద గుచ్చి పెట్టండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే కీబోర్డ్ పైకి పొడుచుకొస్తుంది. హార్డ్ డిస్క్ రేకు ఫ్రేమ్‌లో నాలుగు స్క్రూలతో ఉంటుంది. ఫ్రేమ్ విప్పి ఎస్‌ఎస్‌డీకి తగిలించాలి, పారేయకూడదు. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది వదులుగా ఆడుతుంది. ఎస్‌ఎస్‌డీతో వచ్చే 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ చట్రం అందుకే. అది లేకపోతే అంత మందం అట్ట ముక్క సరిపోతుంది. సాటా కనెక్టర్‌ని వంకర లేకుండా తిన్నగా నెట్టాలి, అందులో ప్లాస్టిక్ నాలుక విరిగితే అతికేది కాదు.

డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీలో (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రంలో) పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7నా అని కొలిచి క్యాడీ కొనండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మాత్రం అసలు డిస్క్ ఉన్న చోటే ఉండాలి, డీవీడీ పోర్ట్ చాలా మోడళ్లలో నెమ్మదైనది. అయితే విండోస్ వేసేటప్పుడు క్యాడీ తగిలించొద్దు. రెండు డిస్క్‌లు ఉంటే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లని పాతదానిలో రాసి, విండోస్‌ని కొత్తదానిలో వేయడం జరుగుతుంటుంది. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, ఎప్పుడో పాత డిస్క్ తీసిన రోజున మెషీన్ లేవదు. క్లోన్ చేసినవాళ్లు కూడా మొదటిసారి ఒక్క కొత్త డిస్క్‌తోనే బూట్ చేయాలి.

పెన్ డ్రైవ్ నుంచి బూట్ కావడానికి హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12, ఆసస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12, కాకపోతే ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల తెరలో) ఆ మెనూ ఆన్ చేయాలి. బయోస్‌లోనే సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో (పాత ఐడీఈ మోడ్ తర్వాత వచ్చిన పద్ధతిలో) ఉందో లేదో చూడండి. క్లోన్ చేసిన విండోస్‌తో ఉన్నట్టుండి ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిస్తే నీలి తెర వస్తుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ పెట్టి రీస్టార్ట్ చేసి, దారిలో బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిచాక ఆ టిక్ తీసేస్తే సరిపోతుంది. 'నో బూటబుల్ డివైస్' అని వస్తే తొందరపడి డిస్క్ పోయిందనుకోకండి. చాలాసార్లు లెగసీ, యూఈఎఫ్ఐ (పాత, కొత్త బూట్ పద్ధతులు) సెట్టింగ్ పాత విండోస్‌కి తగినట్టు లేకపోవడమే కారణం.

అంతా అయ్యాక 'డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్' తెరిచి, సీ డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే మిగతా పని విండోసే చూసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు పెంచే చిట్కాలంటూ పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆపమని ఎవరైనా చెబితే వినకండి. 4 జీబీ మెషీన్‌లో అది ఆపితే బ్రౌజర్ ట్యాబ్‌లు ఒక్కొక్కటిగా కూలిపోతాయి.

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే యూఎస్‌బీ 3.0 బాక్స్‌లో పెట్టి ఫొటోల బ్యాకప్‌కి వాడుకోండి. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయినది రికవరీ సాఫ్ట్‌వేర్లకి దాదాపుగా దొరకదు కాబట్టి ఆ బ్యాకప్ ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ అవసరం. ఆ పాత డిస్క్‌ని ఎవరికైనా ఇచ్చేసేటట్టయితే మాత్రం క్విక్ ఫార్మాట్ చాలదు, ఫార్మాట్ విండోలో 'క్విక్' టిక్ తీసేసి మొత్తం తుడవండి. 500 జీబీకి రెండు గంటల దాకా పడుతుంది.